ఎక్స్‌పోలో ఉత్త తొట్టెల

నిజామాబాద్ వెళ్లి వచ్చాను. బోధన్ దాటి వర్ని దారిలో ఉండే మాకు నిజామాబాద్ కూడా ఒక యాత్రేనా అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. మా ఆయన ముందే నవ్వేశాడు. కానీ ఏడాది దాటిన పిల్లను చంకనేసుకుని, అత్తమ్మను వెంటబెట్టుకుని వెళ్లిన మనిషికి దూరాన్ని కిలోమీటర్లలో చెప్పకండి. ఒక్క రాత్రి ఉండి రావడానికి నేను సర్దిన సంచిలో రెండు థర్మామీటర్లున్నాయి. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి ఉంటుందని. రెండూ వేర్వేరు జ్వరాలు చూపిస్తే ఏది నమ్మాలన్న ఆలోచన మాత్రం ఆటో ఎక్కాక వచ్చింది. బోధన్ చేరేదాకా నాకు అదే సరిపోయింది.

వెళ్లింది ఇంటి సామాను ఎక్స్‌పో చూడటానికి. సోఫాలు, మంచాలు, పరదాలు, వేలాడే లైట్లు, కొత్త రకం వంటిళ్లు అన్నీ ఒకే చోట అని మా ఊళ్లో కూడా మైకు పెట్టి చెప్పి వెళ్లారు. అవేవీ నాకు అక్కర్లేదు. మా శాన్వి నా భుజం మీద కాకుండా ఇంకెక్కడైనా నిద్రపోతుందా అన్నదే నా గొడవ. సోమవారం బోధన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాలి. పిల్లను చూసుకోవడానికి అత్తమ్మ సిద్ధంగానే ఉంది. సిద్ధంగా లేనిది పిల్ల. అది పగలైనా రాత్రయినా నా భుజం మీదే నిద్రపోతుంది, దించితే కళ్లు తెరుస్తుంది. ఇప్పటికే ఒకసారి గడువు అడిగాను. ఇంకోసారి అడిగితే వేరే టీచరును చూసుకుంటామని ప్రిన్సిపాల్ మేడం నవ్వుతూనే చెప్పారు.

మా అమ్మగారింటి నుంచి తెచ్చిన తొట్టెల, అదే ఉయ్యాల, ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. గుడ్డ తొట్టెలలో పిల్లలకు ఊపిరాడదని ఫోన్లో ఎక్కడో చదివి, పురిటి నెలలోనే దాన్ని విప్పించేశాను. తొట్టెల ఉత్తగా ఉండకూడదని అత్తమ్మ అందులో ఉల్లిగడ్డలు పోసి వంటింట్లో వేలాడదీసింది. మా ఇంట్లో ఉల్లిగడ్డలు హాయిగా నిద్రపోతాయి.

బోధన్ బస్టాండు

ఆటో దిగగానే అత్తమ్మ చెరుకు రసం బండి దగ్గర ఆగింది. చెరుకు పండించే ఊళ్ల నుంచి వచ్చి చెరుకు రసం కొనుక్కోవడం ఏమిటన్నాను.

"చేన్ల నమిలితె పండ్లు నొస్తయే. గీడ మిషన్ నములుతది," అంది.

ఐసు ఏ నీళ్లతో చేశారో అని నేను తాగలేదు. నా గ్లాసు కూడా అత్తమ్మే తాగి, దారి పొడవునా నా కంటే ఉల్లాసంగా ఉంది.

బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి సీటూ లేదు. కండక్టరు జీరో టికెట్టు చింపి ఇస్తూ, "జరగుండ్రమ్మా, ముంగటికి జరగుండ్రి, బస్సుకు ముంగట గూడ జాగుంటది," అన్నాడు. కిటికీ పక్కన కూర్చున్న ఒక మరాఠీ ఆమె, దెగ్లూర్ వైపు నుంచి వస్తున్నదట, నన్ను అడక్కుండానే శాన్విని లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. మనం పిల్లను అడిగి ఎత్తుకుంటాం. వాళ్ల వైపు ఎత్తుకున్నాక అడుగుతారు. శాన్వి ఆమె ముక్కుపుడక పట్టుకుని పీకుతూ నవ్వింది. నేను నవ్వలేదు. సంచిలో నుంచి శానిటైజరు తీసి పిల్ల చేతులకు రాశాను. అత్తమ్మ సిగ్గుతో బయట చెరుకు తోటలు చూడటం మొదలుపెట్టింది.

ఆ మరాఠీ ఆమె మాత్రం తన చేయి కూడా చాపింది. రెండు చుక్కలు వేశాను. ఆమె అది మణికట్టుకు రాసుకుని, వాసన చూసి, చీర కొంగుకు కూడా పూసుకుంది.

"ఛాన్ వాస్ ఆహే," అంది, వాసన బాగుందని.

నిజామాబాద్ వచ్చేదాకా పక్క సీట్లవాళ్లు కూడా చేతులు చాపారు. నా శానిటైజరు అత్తరు లాగా పెళ్లివారి మర్యాదలు చేసి అయిపోయింది.

చిన్నత్తమ్మ ఇల్లు

రాత్రికి మా అత్తమ్మ చెల్లెలింట్లో దిగాం. చిన్నత్తమ్మ బీడీలు చేస్తుంది. ఒళ్లో చేట, చేటలో తంబాకు, పక్కన కత్తిరించిన ఆకు. మనతో మాట్లాడుతూ, టీవీ చూస్తూ, వీధిలో వెళ్లేవాళ్లను పలకరిస్తూ ఉంటుంది. వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతాయి. తంబాకు వాసన పిల్లకు మంచిది కాదని నేను గడప దగ్గరే నిలబడిపోయాను. అది చూసి ఆమె చేట తీసుకుని తనే పోయి అరుగు మీద కూర్చుంది. ఆమె ఇంట్లో నుంచి ఆమెనే బయటికి పంపాను.

అన్నంలోకి పచ్చిపులుసు, పప్పు, వేయించిన చల్ల మిరపకాయలు పెట్టి, మళ్లీ అరుగు మీది చేట ముందు కూర్చుంది. తింటున్నప్పుడు విషయం చెప్పాను.

"తొట్టెల కొంటరా?" అంది చిన్నత్తమ్మ. "పైసలు పెట్టి? అది తల్లిగారు తెచ్చేది గదనే! దుకాణంల కొనుడేంది?"

"కొత్త రకాలు వచ్చినయట చిన్నత్తమ్మా. దానంతటదే ఊగుతదట."

"దానంతటదే?" ఆమె వేళ్లు మొదటిసారి ఆగాయి. "ఎవలు ఊపకుండనే?"

"గదే జెప్తున్న నేను గూడ," అంది అత్తమ్మ. "ఎవలు ఊపకుండ ఊగితె దాన్ని తొట్టెల అనరు, ఇంకొకటంటరు. పొద్దుగూకినంక ఆ మాట నోట్లెకు రానియ్యద్దు."

మర్నాడు ఎక్స్‌పోకు నాతో రావడానికి మాత్రం అందరికంటే ముందు తయారైంది అత్తమ్మే.

కప్పులు లేని ఇళ్లు

ఊరి బయట ఒక పెద్ద ఫంక్షన్ హాల్లో పెట్టారు ఎక్స్‌పో. లోపల సగం ఎత్తు చెక్క అడ్డుగోడలతో ఇళ్ల లాగా కట్టి, ఒకదాంట్లో పడకగది, ఒకదాంట్లో హాలు, ఒకదాంట్లో వంటిల్లు పెట్టారు. ఇళ్లన్నీ ఉన్నాయి, కప్పులు లేవు. మొదటి పడకగది ముందు మేమిద్దరం చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. అది దుకాణమని నాకు తెలుసు. అయినా ఎదురుగా దుప్పటి పరిచిన మంచం, గోడకు దేవుడి పటం కనిపిస్తే కాళ్లు వాటంతటవే చెప్పులు వదిలేశాయి. మా వెనక మాక్లూర్ నుంచి వచ్చిన ఒక కుటుంబం కూడా విడిచింది. వాళ్లను చూసి ఇంకొకరు. మేం బయటికి వచ్చేసరికి గడప లేని ఆ ఇంటి ముందు పెళ్లింటి దగ్గరలాగా చెప్పుల కుప్ప. ఆ స్టాలు ఆయన మైకులో, "దయచేసి చెప్పులతోనే రావచ్చు, రావచ్చు," అని బతిమాలుతున్నాడు. ఎవరూ వినలేదు.

వస్తువుల గురించి కూడా చెప్పాలి. గోడకు అంటుకుని ఉండి, లాగితే కిందికి దిగి అన్నం తినే బల్ల అయ్యేది ఒకటి చూశాం. మూత తీస్తే లోపల దుప్పట్లు దాచుకునే గుండ్రటి పీటలు ఉన్నాయి. వెదురుతో అల్లిన దీపపు బుట్ట ఒకటి ఎనిమిది వేలట. మా దగ్గర కోళ్లు కమ్మే గంపను తలకిందులుగా వేలాడదీసి లోపల బల్బు పెడితే అచ్చం అదే. ధర విన్నాక అత్తమ్మ, "ఇంటికి పోయినంక మన కోళ్లకు గూడ లైటు పెట్టాలె," అంది.

వాలు కుర్చీ దగ్గర చిన్న ప్రమాదం జరిగింది. అత్తమ్మ కూర్చోగానే స్టాలు అమ్మాయి పక్కన మీట నొక్కింది. వీపు వెనక్కి, కాళ్లు పైకి.

"అమ్మో, పడుతున్ననే! పట్టుకో పిల్లా, పట్టుకో!"

పట్టుకోవడానికి నా చేతుల్లో శాన్వి ఉంది. కానీ పడుతున్న మనిషి పడలేదు. మెల్లగా పడుకుంది. ఒక క్షణం ఆగి, కళ్లు మూసుకుంది. ఇంకొంచెం ఆగి, "ఇగ మీరు చూసొస్తె చూసి రాండ్రి," అంది. లేపడానికి నేనూ ఆ అమ్మాయీ ఎంత బతిమాలామో చెప్పను.

తొట్టెల దగ్గర

నేను వెతుకుతున్నది హాలు చివర, కొత్త వంటిళ్ల పక్కన ఉంది. తెల్లటి తొట్టెల, నాలుగు వైపులా వల, కింద మోటారు. చేయి పెట్టకుండానే మెత్తగా అటూ ఇటూ ఊగుతోంది. నాకు కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది. చుట్టూ స్టాళ్లలో జనం కిక్కిరిసి ఉన్నారు, ఇక్కడ మాత్రం ఒక్కరు లేరు. వచ్చిన ఆడవాళ్లు దూరం నుంచి చూసి, ముఖం తిప్పుకుని, పిల్లల్ని అవతలి వైపు మార్చుకుని పోతున్నారు. టై కట్టుకున్న ఒక నడి వయసు మనిషి కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. విజయవాడ నుంచి వచ్చాడట.

"రండమ్మా, చూడండమ్మా. పొద్దున్నుంచీ మీరే మొదటి బేరం అండీ."

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ అతని మీద పడింది.

"ఏందయ్యా, ఉత్త తొట్టెల ఊపుతున్నవ్? బుద్ధి లేదా? పసిపోరగాండ్లు దిరిగే జాగల!"

మా వైపు ఎవరూ ఖాళీ తొట్టెల ఊపరు, ఊగుతుంటే చూడరు. పిల్లలకు మంచిది కాదంటారు. అందుకే ఆ స్టాలు దగ్గరికి ఎవరూ రాలేదు.

"మా అమ్మా ఇదే అంటుందండీ," అన్నాడు ఆయన దీనంగా. "కానీ పెద్దమ్మగారూ, చేత్తో ఊపితే దోషం. ఇక్కడ చెయ్యి పెట్టట్లేదుగా. మోటారు ఊపుతోంది."

"స్విచ్చు ఎవలేసిండ్రు?"

ఆయన చూపు స్విచ్చు మీదికి పోయింది.

"నువ్వే గద! మరి ఊపుతున్నది నువ్వే."

డిగ్రీ, బీఎడ్ చదివినదాన్ని కదా, ఇలాంటివి నమ్మకూడదు అని అత్తమ్మకు చెప్పబోయాను. చెప్పబోతూనే, అప్పటికే శాన్వి ముఖాన్ని నా కొంగుతో కప్పేసి ఉన్నానని చూసుకున్నాను. ఆయన గబగబా స్విచ్చు తీశాడు.

"పిల్లను పడుకోబెట్టి చూడండమ్మా. నచ్చితేనే తీసుకోండి."

"గట్లెట్ల ఏస్తం?" అంది అత్తమ్మ. "కొత్త తొట్టెలల మొదలు పిల్లనెయ్యరు. పొత్రం ఏస్తరు."

తొట్టెల పండుగ నాడు పిల్లకంటే ముందు రోటి పొత్రాన్ని గుడ్డలో చుట్టి పడుకోబెట్టి ఊపడం మా ఆచారం. రాయిలాగా గట్టిగా ఉండాలని. సోఫాల మధ్య, వేలాడే లైట్ల మధ్య పొత్రం ఎక్కడ దొరుకుతుంది, ఇక ఇంటికి పోదాం అనుకుంటున్నాను నేను. అత్తమ్మ పక్కనున్న కొత్త వంటింట్లోకి వెళ్లింది. మెరిసే నల్ల బండ మీద, ప్లాస్టిక్ నిమ్మకాయల పక్కన, అలంకారానికి ఒక చిన్న రాతి రోలు పెట్టారు. దాని పొత్రం తీసుకుని వచ్చేసింది. వెనకనే ఆ స్టాలు ఆమె పరుగెత్తుకొచ్చింది. బోధన్ వైపు ఆడపడుచే, రజిత అని పేరు చెప్పింది.

"అవ్వా, గది అమ్మేది కాదు!"

"కొంటలేనే. తొట్టెలల ఏసి ఇస్త."

రజిత తొట్టెల వైపు చూసింది, నా చంకలో పిల్ల వైపు చూసింది. "అట్లయితే తువ్వాల చుట్టుండ్రి, కొత్త రాయి, గీకుతది," అంది. తమ స్టాల్లోనే అమ్మే కొత్త దిండు గలీబు ఒకటి తనే తెచ్చింది.

నా తువ్వాల, ఆమె గలీబు చుట్టి పొత్రాన్ని పడుకోబెట్టాం. స్విచ్చు వేశారు. రాయి ఊగింది. అత్తమ్మ చేతులు కట్టుకుని జోల పాడింది. ముఖం తిప్పుకుని పోయిన ఆడవాళ్లంతా ఒక్కొక్కరే వెనక్కి వచ్చి చుట్టూ చేరారు. ఎవరో, "పేరేం పెడుతున్నరే రాయికి?" అని అడిగారు. ఇంకెవరో, "పోలికలు తాతయే," అన్నారు. తొట్టెలకు ఫోన్లో ఒక యాప్ ఉంది. పిల్ల నిద్రలో ఉందో మెలకువగా ఉందో చెబుతుందట. టై ఆయన ఫోను చూసి, కాస్త సిగ్గుపడుతూ, "గాఢ నిద్రలో ఉందండీ," అన్నాడు. ఇంత బుద్ధిగా పడుకునే పిల్లను నేను కనలేకపోయాను.

తర్వాత రాయిని తీసి శాన్విని వేశాం. ఏడ్వబోయింది. తొట్టెల ఊగింది. పైనున్న లైట్లు అటూ ఇటూ కదులుతుంటే వాటిని చూస్తూ చూస్తూ కళ్లు మూసింది.

నేను వంగి, దాని ముక్కు కింద వేలు పెట్టి చూశాను. ఊపిరి వస్తోంది. కొంచెం ఆగి మళ్లీ పెట్టాను. శాన్వి ముక్కు విదిలించి కదిలింది. మూడోసారి వంగేసరికి అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"దినాం ఇంట్ల గూడ గిట్లనే చేస్తున్నవా?"

నేను ఆ వేలు మడుచుకున్నాను.

"ఓ పిల్లా, నువ్వు పండుకుంటే నీ ముక్కుల ఎవలన్న ఏలు పెడితె నీకు నిద్ర పడుతదా? పో. అటు పో. ఏమన్న తిని రా. నేనున్న గద."

"లేస్తె..."

"లేస్తె నేను లేనా? పో ఇగ. నువ్వు గీడ నిలవడితె దానికి వాసన దెలుస్తది."

చేతులు ఖాళీ

పిల్ల పుట్టిన తర్వాత మొదటిసారి ఒక జాగాలో ఒంటరిగా నడిచాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కట్టుకుంటే కోపంగా ఉన్నట్టుంది, వదిలేస్తే ఎవరివో అయినట్టుంది. పరదాల స్టాలు దగ్గర ఆగి ఒక గుడ్డ పట్టుకున్నాను, కేవలం పట్టుకోవడానికి.

పరదాలు చూపిస్తున్న అమ్మాయి నన్నే చూస్తోంది.

"అక్కా, తల తిరుగుతుందా? కుర్చీ ఎయ్యాల్నా?"

"లేదు. ఎందుకు?"

"ఊగుతున్నరు."

నిజమే. నేను ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు మార్చుకుంటూ, ఎవరూ లేని భుజాన్ని జోకొడుతున్నాను. అక్కడ నిలబడి ఉత్త తొట్టెల ఊపుతున్నది నేనే. ఆ అమ్మాయికి ఏమీ చెప్పలేక, అక్కర్లేని పరదా గుడ్డ గజమెంత అని అడిగాను. బయట బండి దగ్గర మిర్చి బజ్జీలు, చాయ్ తీసుకున్నాను. చాయ్ వేడిగా ఉంది. వేడి చాయ్ వేడిగా ఉండగానే తాగడం ఎలా ఉంటుందో మర్చిపోయాను. నాలుక కాలింది.

రెండో బజ్జీ కొరుకుతుండగా హాల్లో కరెంటు పోయింది.

తొట్టెల ఆగి ఉంటుంది. పిల్ల లేచి ఉంటుంది. చీకట్లో నేను కనబడక గుక్కపట్టి ఉంటుంది. చేతిలో బజ్జీ అలాగే పట్టుకుని పరుగెత్తాను. లోపల అన్నీ ఒకే రకం ఇళ్లు, ఒకే రకం మంచాలు. ఎవరి పడకగదిలోకో దూరి, చెప్పుల కుప్ప మీద తడబడి, ఒక గుండ్రటి పీట మీద కూర్చుండిపోయి మళ్లీ లేచాను. జనరేటరు వేసినట్టున్నారు, లైట్లు వచ్చాయి. తొట్టెల స్టాలు కనిపించింది.

తొట్టెల కదలడం లేదు. మోటారు మీది చిన్న దీపం వెలగడం లేదు. అత్తమ్మ కింద కూర్చుని, తలను తొట్టెల కర్రకు ఆనించి గురక పెడుతోంది. ఆమె చేయి వల సందులో నుంచి లోపలికి వెళ్లి ఉంది. ఆ చేతి వేలు పట్టుకుని శాన్వి నిద్రపోతోంది.

టై ఆయన నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"జనరేటరు లైట్లకే ఇచ్చారండీ, ప్లగ్గులకు రాలేదు," అన్నాడు గుసగుసగా. "కరెంటు పోగానే పాప లేచిందండీ. పెద్దమ్మగారు చెయ్యి పెట్టి ఏదో కసిరారు. ఊరుకుంది."

"ఏడ్చిందా?"

"లేదండీ."

"నా కోసం చూసిందా?"

ఆయన ఆలోచించాడు. ఆయన సరుకు గురించి ఎన్ని అబద్ధాలు చెప్పి ఉంటాడో తెలియదు కానీ, దీనికి మాత్రం నిజమే చెప్పాడు. "లేదండీ," అన్నాడు.

ఇంత దూరం వచ్చింది దీనికోసమే. నేను లేకుండా నిద్రపోవాలని. నిద్రపోయింది. గంతులు వేయాల్సిన చోట, చల్లారిన బజ్జీ పట్టుకుని, ఇప్పుడు లేచి ఒక్కసారి నా కోసం ఏడిస్తే బాగుండు అనుకుంటూ నిలబడ్డాను. వేలు దానంతటదే దాని ముక్కు వైపు వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. చాలా బరువుగా వచ్చింది ఆ వేలు.

అత్తమ్మ కళ్లు తెరిచి, ఆగిన తొట్టెలనూ నన్నూ చూసింది. టై ఆయన ఆశగా, "ప్యాక్ చేయమంటారాండీ?" అన్నాడు.

"ఆగిపోయినా పండుకుంది గదయ్యా. ఇగ మోటరెందుకు?" అంది అత్తమ్మ.

ఆయన నొచ్చుకోలేదు. రాయిని చూసి వెళ్లిన ఆడవాళ్లలో ఇద్దరు అప్పటికే అడ్వాన్సు ఇచ్చారట. కరెంటు వచ్చాక తొట్టెలలో మళ్లీ పొత్రాన్నే పడుకోబెడతానన్నాడు. రజిత పక్క నుంచి, "మా రోలు సగమే ఉందయ్యా, మా సేటు వస్తే ఏమి జెప్పాలె?" అంటోంది. మేం ఆమె దగ్గర రెండు దిండు గలీబులు కొని బయటపడ్డాం.

తిరుగు బస్సు

ఈసారి సీటు దొరికింది. అత్తమ్మ ఒళ్లో శాన్వి, నా ఒళ్లో సంచి. ఎడపల్లి దాటాక వరి పొలాల మధ్య చెరుకు కనిపించడం మొదలైంది. మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మాట వస్తే అత్తమ్మ ఎప్పుడూ చెప్పేదే చెప్పింది, ఆ రోజుల్లో చెరుకు బండ్ల వరస రోడ్డెంట ఎంత దూరం ఉండేదో. సంచిలో రెండు థర్మామీటర్లు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. పిల్లను ఇవ్వమని నేను అడగలేదు. అడగాలని రెండుసార్లు అనిపించింది. రెండుసార్లూ కిటికీలో నుంచి చూశాను.

సోమవారం

స్కూల్లో మొదటి రోజు ఆరో తరగతికి వెళ్లి, పాఠం చెబుతూ ఊగాను. ముందు బెంచీ పిల్లలు నాతో పాటు ఊగారు. అంతకంటే చెప్పుకోదగ్గ తప్పులు జరగలేదు.

మధ్యాహ్నం బెల్లు కాగానే టిఫిను డబ్బా ముందు పెట్టుకుని ఇంటికి ఫోన్ చేశాను.

"పండుకుంది," అంది అత్తమ్మ, నేను అడగకముందే.

"పాలు తాగిందా?"

"తాగింది."

"ఏడ్చిందా అత్తమ్మా?"

"లే. ఎందుకేడుస్తది? మంచిగ ఆడింది, తాగింది, పండుకుంది."

మంచిదే కదా అన్నాను. డబ్బా మూత మీద వేలు ఆడించాను, తీయలేదు. ఫోన్లో అటు కోడి కూసింది, ఎక్కడో గిన్నె చప్పుడైంది.

"అంటె," అంది అత్తమ్మ, "నువ్వు పోయినంక జరంత ఏడ్చింది. తలుపు దిక్కు చూసుకుంట. అమ్మ, అమ్మ అనుకుంట."

శాన్వికి ఇంకా అమ్మ అనడం రాదు.

"అట్లనా," అన్నాను.

"ఆఁ. మస్తు ఏడ్చింది. ఇగ తిను."

డబ్బా మూత తీశాను. అడుగు కనిపించేదాకా తిన్నాను.